స్టోర్ ఇన్‌చార్జి పోస్టుకు ఆడపిల్లని పిలవొద్దంటే ఏం చేయాలి?

ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరిన తమ్ముడు అడిగిన సంగతి ఇది. స్టోర్ ఇన్‌చార్జి, లారీ కాటా ఆపరేటర్, ల్యాబ్ అసిస్టెంట్ అని మూడు పోస్టులున్నాయి. రాత పరీక్షలో గుణుపూర్ వైపు నుంచి వచ్చిన డిప్లొమా అమ్మాయికి అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆమె అడిగింది స్టోర్ పోస్టు. మేనేజరుగారేమో "స్టోరుకీ కాటాకీ మగపిల్లల్నే పిలు, ఆ అమ్మాయిని కావాలంటే ల్యాబ్‌లో చూద్దాం" అన్నారట. రాత్రి షిఫ్టు, లారీ డ్రైవర్లు, రేపు పెళ్ళి, ఆ తర్వాత ఆరు నెలల సెలవు అని కారణాలు కూడా చెప్పారట. చట్టం ఏమంటుంది, కొత్తగా చేరిన నేను ఆయనతో ఏమని మాట్లాడాలి, వినకపోతే ఉద్యోగం వదిలేయాలా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్తాను తమ్ముడూ. ఆ అమ్మాయిని స్టోర్ పోస్టుకి ఇంటర్వ్యూకి పిలవండి. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం చట్టవిరుద్ధం. కంపెనీకీ అది నష్టమే. నేను రాయగడ, కొరాపుట్ వైపు ఫ్యాక్టరీల్లో పర్సనెల్ (ఉద్యోగుల వ్యవహారాల) విభాగంలో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరైనదాన్ని. మీ మేనేజరుగారు చెప్పిన కారణాలన్నీ నేను చాలామంది నోట విన్నాను. చెప్పినవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. అందుకే ఒక్కో కారణాన్నీ విడిగా చూడాలి.

చట్టం సంగతి ముందు. రాజ్యాంగంలో 15, 16 అధికరణాలున్నాయి కదా అని చాలామంది అంటారు. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకి సంబంధించింది. ప్రైవేటు ఫ్యాక్టరీ మీద దాన్ని నేరుగా వాడలేం. మీకు పనికొచ్చేది 1976 సమాన వేతన చట్టం. పేరులో వేతనమే ఉన్నా, అదే పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని దాని 5వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం 2019 వేతన కోడ్‌లో కలిసింది, అక్కడ 3వ సెక్షన్లో అదే నిషేధం ఉంది. దీనితో కలిపి నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. దీనికి ఒకే మినహాయింపు ఉంది: ఫలానా పనికి ఆడవాళ్ళని పెట్టకూడదని ఏదైనా చట్టమే ఆంక్ష పెట్టి ఉండాలి. స్టోరుకీ కాటాకీ అలాంటి ఆంక్ష లేదు. కాబట్టి ప్రకటనలో "పురుషులు మాత్రమే" అని రాయకండి. రాయకుండా లోపల అలాగే నడిపించినా అది తప్పే.

రాత్రి షిఫ్టు గురించి. పాత ఫ్యాక్టరీల చట్టం, అంటే 1948 నాటిది, 66వ సెక్షన్లో ఆడవాళ్ళకి ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే పని అంది. మీ మేనేజరుగారి తరంవాళ్ళకి ఆ సెక్షన్ కంఠతా వచ్చు. ఆయన మాటలో నిజాయితీ ఉంది, చట్టమే మారింది. ఇప్పుడు ఆ నాలుగింటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ 43వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులకీ అర్హులు. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు పని చేయించాలంటే వాళ్ళ సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు చేయాలి. గనుల్లోనూ ఇదే మార్పు వచ్చింది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలో ఆడవాళ్ళని పెట్టొద్దంది. 2019 జనవరి 29 నోటిఫికేషన్ దాన్ని సడలించి, ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల్లో రాత్రి పనికీ, భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ పనులకీ షరతులతో దారి తెరిచింది. 2021లో జార్ఖండ్‌లో ఆకాంక్ష కుమారి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ భూగర్భ గనిలో మైనింగ్ ఇంజనీరుగా చేరింది. మన వైపు బాక్సైట్ పనుల కాంట్రాక్టర్లు కొందరు ఇప్పటికీ "గనిలో ఆడవాళ్ళకి చట్టం ఒప్పుకోదు" అంటుంటారు. ఆ మాట వింటే ఈ తేదీ చెప్పండి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికొస్తాను. ఈసారి మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర పొద్దున్నే ఒక పావుగంట నిలబడి చూడండి. కాంట్రాక్టరు కింద తట్టలు మోసేది ఎవరు? యార్డు ఊడ్చేది, బస్తాలు కుట్టేది, పొట్టు ఎత్తేది ఎవరు? మన జిల్లాల్లో జీడిపప్పు యూనిట్‌కి వెళ్ళినా, రైస్ మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసే చోటికి వెళ్ళినా వంగి పని చేస్తున్నది ఆడవాళ్ళే. వాళ్ళని తీసుకునేటప్పుడు ఎవరూ పెళ్ళి గురించి అడగరు. ఎండ గురించి అడగరు, లారీ డ్రైవర్ల నోటి దురుసు గురించి అడగరు. సిమెంటు బస్తా నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కే మనిషిని బరువు మోయగలవా అని ఎవరూ అడగలేదు. అదే ఆడమనిషి కుర్చీ, రిజిస్టరు, నెల జీతం, సంతకం పెట్టే అధికారం ఉన్న పనికి వస్తే మాత్రం ఆమె క్షేమం గురించి అందరికీ ఆందోళన మొదలవుతుంది. పని కష్టమని ఆపితే తట్ట దగ్గరే ఆపాలి. స్టోరు దగ్గర ఆపుతున్నారంటే అడ్డం వస్తున్నది పని కష్టం కాదు, పదవి. "ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు, కట్టాక చూద్దాం" అన్న మాట కూడా మీకు వినిపిస్తుంది. ఆ కాంపౌండులో ఇప్పటికే ఆడ కూలీలు పనిచేస్తుంటే వేరే టాయిలెట్ ఇవాళే ఉండి తీరాలి. అది ఈ అమ్మాయి కోసం చేసే ఉపకారమేమీ కాదు.

"మీ మంచికే" అనే నిరాకరణ అన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే అన్నవాడికి తాను అన్యాయం చేస్తున్నానని తోచదు. సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే ఒకటి వచ్చింది, 2007లో అనుజ్ గార్గ్ కేసు. మద్యం అమ్మే చోట ఆడవాళ్ళు పనిచేయకూడదని ఢిల్లీలో పాత ఎక్సైజ్ చట్టం ఉండేది, వాళ్ళ భద్రత కోసమే అన్నారు. ఆ నిషేధాన్ని కోర్టు ఒప్పుకోలేదు. భద్రత కావాలంటే భద్రత కల్పించాలి, ఉద్యోగం తీసేయకూడదన్నది ఆ తీర్పు సారం. కాటా దగ్గర డ్రైవర్లు దురుసుగా ఉంటారా? అయితే అక్కడ కెమెరా పెట్టాలి, సెక్యూరిటీ మనిషి ఉండాలి, తిట్టిన డ్రైవరు గేట్ పాస్ ఆపాలి. పదిమంది పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ ఫ్యాక్టరీలో ఉందో లేదో రేపే చూడండి. ఇవన్నీ చేస్తే కాటా దగ్గర కూర్చున్న మగపిల్లాడికి కూడా మంచిదే. వాడూ తిట్లు తింటూనే ఉన్నాడు.

పెళ్ళి, సెలవు గురించి లెక్కతో మాట్లాడదాం. మీ ఊళ్ళో స్టోర్ ఇన్‌చార్జి జీతం నెలకి 21,000 లోపే ఉంటుందనుకుంటాను. మీ యూనిట్ ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద ఉంటే ప్రసూతి సెలవు 26 వారాల భత్యం ఇచ్చేది ఈఎస్‌ఐ, మీ కంపెనీ కాదు. యజమాని కట్టేది జీతం మీద 3.25 శాతం, మగవాడికైనా ఆడమనిషికైనా అంతే. "ఆరు నెలలు ఊరికే జీతం ఇవ్వాలి" అనేవాళ్ళలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. వాళ్ళకి చెప్పాలి. అయితే జీతం 21,000 దాటినా, యూనిట్ ఈఎస్‌ఐ పరిధిలో లేకపోయినా భారం యజమాని మీదే పడుతుంది. 2017 సవరణ సెలవుని 12 వారాల నుంచి 26కి పెంచింది, ఖర్చు మాత్రం యజమాని నెత్తినే ఉంచింది. 2000లో ఐఎల్‌వో (అంతర్జాతీయ కార్మిక సంస్థ) చేసిన 183వ ఒప్పందం ఈ ఖర్చు ఒక్కో యజమాని మీద విడిగా పడకూడదని, బీమా ద్వారానో ప్రభుత్వ నిధి ద్వారానో భరించాలని చెప్తుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. చిన్న యజమానుల భయానికి కొంత కారణం ఇక్కడుంది, నేను కొట్టిపారేయను. ఆ భయానికి మందు బీమాని విస్తరించడం. ఆ భారాన్ని పెళ్ళి కాని పిల్ల మీద ముందుగానే జరిమానాగా వేయడం మందు కాదు.

ఒడిశాలో ఇంకో మాట కూడా వినబడుతుంది. 2024 ఆగస్టు 15న ఉప ముఖ్యమంత్రి ప్రవతి పరిడా కటక్‌లో నెలసరికి ఒక రోజు సెలవు ప్రకటించారు. "ఇక ఆడవాళ్ళని తీసుకుంటే ఎలా?" అని అప్పుడే మొదలైంది. అంతకు నెల ముందు సుప్రీంకోర్టు కూడా, ఇలాంటి సెలవు తప్పనిసరి చేస్తే యజమానులు ఆడవాళ్ళని తీసుకోవడం మానేస్తారేమోనని అంటూ, అది ప్రభుత్వం తేల్చాల్సిన విధానమని వదిలేసింది. నెలకి ఒక రోజు లేకపోతే ఆగిపోయే స్టోరు అయితే అక్కడ రెండో మనిషికి పని నేర్పలేదని అర్థం. ఆ లోపం ఇప్పుడున్న మగవాడికి జ్వరం వచ్చినా బయటపడుతుంది.

"పెళ్ళయితే మానేస్తుంది" అన్నదానికి మీ దగ్గరే జవాబుంది. పాత హాజరు రిజిస్టరు తీసి, ఈమధ్య మానేసినవాళ్ళ పేర్లు రాయండి. ఎందుకు మానేశారో పక్కన రాయండి. మన వైపు మగపిల్లలు విశాఖలో అప్రెంటిస్ దొరికితే వెళ్ళిపోతారు, హైదరాబాద్ వెళ్తారు, గంజాం వైపువాళ్ళైతే సూరత్ బండెక్కేస్తారు. ఇంటర్వ్యూలో ఏ మగపిల్లాడినీ "సూరత్ వెళ్ళిపోవు కదా?" అని అడగడం నేను చూడలేదు. ఆడపిల్లకి మాత్రం ఆ ప్రశ్న తప్పదు. ఇక్కడే పుట్టి పెరిగి, అమ్మానాన్నల ఇంటికి దగ్గరగా ఉద్యోగం దొరికిందని పట్టుకుని కూర్చునే అమ్మాయిలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. మీ రిజిస్టరు ఇంకోలా చెప్తే చెప్పనివ్వండి. దాన్ని చూసి మాట్లాడితే చాలు.

ఇంటర్వ్యూ గదిలో అడగకూడని ప్రశ్నలు వేరేగా చెప్పనక్కర్లేదు అనుకుంటారు గానీ, చెప్పాలి. 1991లో నీరా మాథుర్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎల్‌ఐసీ ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళు నింపాల్సిన డిక్లరేషన్ ఫారంలో నెలసరి వివరాలు, గర్భాల వివరాలు అడిగారు. ఆ ప్రశ్నలు తీసేయమని కోర్టు చెప్పింది. మన దగ్గర ఫారంలో అంత ఉండకపోవచ్చు, నోటితో అడిగేది అంతకి తక్కువ కాదు. "మీ ఆయన ఏం చేస్తాడు", "అత్తగారు ఒప్పుకుంటారా", "పిల్లలెంతమంది". ఇంకొకటి ఉంది. అమ్మాయితో తండ్రో అన్నో వస్తాడు, బస్సు దిగి ఫ్యాక్టరీ దాకా తోడు వస్తాడు. అందులో తప్పేం లేదు. తీరా చూస్తే ఇంటర్వ్యూ బోర్డులో పెద్దాయన అమ్మాయిని వదిలేసి తండ్రితో మాట్లాడతాడు. "ఏమండీ, రాత్రి డ్యూటీకి పంపుతారా?" అని. అక్కడితో ఆ అమ్మాయి తన సమాధానం తాను చెప్పే అవకాశం పోయింది. తండ్రిగారిని బయట కూర్చోబెట్టి, టీ ఇప్పించి, లోపల ఆమెతోనే మాట్లాడండి. షిఫ్టు గురించి అడగాల్సిందే, కాకపోతే అందరినీ ఒకే మాటతో అడగండి: "ఈ పోస్టులో నెలలో ఒక వారం రాత్రి డ్యూటీ ఉంటుంది, కంపెనీ బండి ఫలానా చోట ఎక్కించుకుంటుంది, రాగలరా?" మగపిల్లాడిని కూడా అదే అడగండి. ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉన్న కుర్రాడు రాలేనని చెప్పొచ్చు.

అసలు పక్షపాతం ఎక్కడ దాగుతుందో చెప్తాను, మీ ఉద్యోగంలో మీ చేతిలో ఉన్నది ఇదే. "ఆడపిల్ల కాబట్టి వద్దు" అని ఎవరూ పైకి అనరు. కొలత మార్చేస్తారు. అమ్మాయికి డిప్లొమా, మార్కులు ఉంటే "ఈ పనికి చదువు కాదు, అనుభవం కావాలి" అంటారు. తర్వాతి సారి అనుభవమున్న ఆడమనిషి వస్తే "డిప్లొమా లేదు కదా" అంటారు. అనేవాడు అబద్ధమాడుతున్నానని అనుకోడు. ఉల్మన్, కోహెన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. పోలీసు చీఫ్ పోస్టుకి మగ, ఆడ అభ్యర్థుల్ని చూపించారు. మగ అభ్యర్థికి చదువున్నప్పుడు ఈ ఉద్యోగానికి చదువు ముఖ్యమన్నారు. అదే చదువు ఆడ అభ్యర్థికి ఉంటే దానికి అంత విలువివ్వలేదు. అభ్యర్థుల్ని చూడకముందే ఏది ఎంత ముఖ్యమో తేల్చుకోమన్నప్పుడు ఆ తేడా పోయింది.

కాబట్టి దరఖాస్తుల ఫైలు మూసేసి ముందు కొలత రాయించండి. స్టోర్ ఇన్‌చార్జి ఏం చేయాలి? వచ్చిన సరుకుని ఇన్‌వాయిస్‌తో సరిచూడాలి, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు చీటీ) రాయాలి, కంప్యూటర్‌లో స్టాక్ ఎక్కించాలి, బిన్ కార్డు (ఒక్కో వస్తువు నిల్వ రాసే కార్డు) తాజాగా ఉంచాలి, చీటీ లేకుండా సామాను అడిగే ఫోర్‌మన్‌కి లేదని చెప్పగలగాలి. దేనికి ఎన్ని మార్కులో మేనేజరుగారితోనే వేయించి సంతకం తీసుకోండి. తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టండి. తప్పులున్న కొన్ని బిల్లులు, ఒక స్టాక్ పుస్తకం ఇచ్చి తేడాలు పట్టమనండి. కాటా పోస్టుకైతే గ్రాస్ (సరుకుతో లారీ బరువు), టేర్ (ఖాళీ లారీ బరువు) చీటీలు ఇచ్చి ఏ లారీ బరువు అనుమానంగా ఉందో చెప్పమనండి. మీలోనే ఒకరు డ్రైవరులా గొడవపడి చూడండి, ఎలా జవాబిస్తారో మార్కులేయండి. బోర్డులో ఎవరి మార్కులు వాళ్ళు విడిగా వేసి, కాగితం ఇచ్చేశాకే మాట్లాడుకోవాలి. పెద్దాయన ముందు పెదవి విరిస్తే మిగతావాళ్ళ కలాలు కూడా అటే వెళ్తాయి. బయోడేటాల మీద ఫొటో, వివాహ వివరం, తండ్రి లేక భర్త పేరు కనపడకుండా నకలు తీయించి బోర్డుకివ్వండి. జిరాక్స్ తీసేటప్పుడు ఆ గళ్ళ మీద ఒక కాగితం ముక్క పెడితే సరిపోతుంది.

ల్యాబ్‌లో చూద్దాం అన్న మాటని దయగా తీసుకోకండి. స్టోర్ నుంచి పర్చేజ్‌కి దారి ఉంది, అక్కడి నుంచి మెటీరియల్స్ మేనేజరు దాకా వెళ్ళొచ్చు. ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరినవాళ్ళు మన వైపు చాలా ఫ్యాక్టరీల్లో అక్కడే ఉండిపోతారు. ఆడవాళ్ళు ఓర్పుగా, శుభ్రంగా చేస్తారని పొగుడుతూనే నిచ్చెన లేని గదిలో కూర్చోబెడతారు. ఆ ల్యాబుల్లోనైనా తూకం సమానంగా లేదు. 2012లో అమెరికాలో ల్యాబ్ మేనేజర్ పోస్టుకంటూ ఒకే దరఖాస్తుని జాన్ అనే పేరుతో సగం మందికి, జెన్నిఫర్ అనే పేరుతో సగం మందికి పంపారు. చూసినవాళ్ళు 127 మంది సైన్సు ప్రొఫెసర్లు. జాన్‌కి ఎక్కువ సమర్థత, ఎక్కువ జీతం కట్టారు. ప్రొఫెసర్లలో ఆడవాళ్ళు కూడా అలాగే చేశారు. బోర్డులో ఒక మేడమ్‌ని కూర్చోబెడితే చాలు అనుకోవద్దని ఇందుకే అంటున్నాను. ఇదే ముద్ర రెండో వైపు కూడా పడుతుంది. రిసెప్షన్‌కి ఆడపిల్లే కావాలి, చూడ్డానికి బావుండాలి అంటారు. అదీ ఇదే రోగం.

ఒకటి మరిచిపోకండి. మన జిల్లాల్లో అమ్మాయిలందరికీ ఒకే ముద్ర పడదు. తెలుగు కోమటింటి అమ్మాయి వస్తే "నాజూకు, కష్టపడలేదు" అంటారు. ఆదివాసీల్లో కొందు పిల్లో సవర పిల్లో వస్తే "కష్టపడుతుంది, లెక్కలు రావు" అని హెల్పర్ పనికి పంపుతారు. డిప్లొమా చేతిలో ఉన్నా సరే. ఒడియా బడిలో చదివి, ఇంట్లో కొందుల కువి భాష మాట్లాడే పిల్ల తెలుగు బోర్డు ముందు తడబడితే తెలివి లేదనుకుంటారు. మీ గుణుపూర్ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆమెకి సౌకర్యమైన భాషలో ప్రశ్న అడగండి. స్టాక్ పుస్తకంలో అంకెలు ఏ భాషలో చదివినా ఒకటే.

మేనేజరుగారితో మాట ఎలా మొదలుపెట్టాలి? చట్టం పుస్తకం పట్టుకుని వెళ్ళకండి. కొత్తగా చేరిన కుర్రాడు సెక్షన్లు చదివితే ఆయన బిగుసుకుంటారు. "సార్, ఈసారి స్టోరులో తేడాలు రాకూడదని మీరన్నారు కదా, అందుకు తగ్గ మనిషికి ఏం వచ్చి ఉండాలో మీరు చెప్తే నేను షీటు తయారు చేస్తాను" అని అడగండి. షిఫ్టు భయమంటే బండి ఏర్పాటు ఖర్చు లెక్కగట్టి తీసుకెళ్ళండి. సెలవు భయమంటే ఈఎస్‌ఐ లెక్క చూపించండి. ఒకరినే పిలవడం ఇబ్బందంటే పరీక్షలో పై నలుగురినీ పిలుద్దామనండి, ఆమె ఆ నలుగురిలో ఎలాగూ ఉంటుంది. చాలామంది మేనేజర్లు ఈ దారిలో వస్తారు. ఆడపిల్ల మీద వాళ్ళకి కోపం లేదు, తమ షిఫ్టు చెడకూడదన్న భయమే ఉంది.

అయినా వద్దంటే? "ఆమెని పిలవకపోవడానికి కారణం ఫైల్లో ఏం రాయమంటారు సార్?" అని మర్యాదగా అడగండి. నోటితో తేలిగ్గా వచ్చే కారణం కాగితం మీద రాయడానికి చేయి రాదు, అక్కడే కొందరు మనసు మార్చుకుంటారు. రాసిస్తే ఆ కాగితం ఉంచండి. రాయనంటే ఆ రోజు తేదీ వేసి, ఆయన నోట చెప్పిన మాట, మీ జవాబు మీ నోట్‌షీట్‌లో రాసుకోండి. పరీక్ష మార్కుల షీటు అసలు ప్రతి చెక్కుచెదరకుండా దాచండి. రేపు లేబర్ ఇన్‌స్పెక్టర్ అడిగినా, హెడ్డాఫీసు అడిగినా మాట్లాడేది అదే. ఆ అమ్మాయి వచ్చి తన మార్కులు అడిగితే చెప్పండి, అవి ఆమె మార్కులు. ఉద్యోగం వదిలేయాలా అని మీరు చివర్లో అడిగారు. ఇప్పుడే వద్దు. మీరు వెళ్ళిపోతే ఆ కుర్చీలో వచ్చేవాడు ఈ ప్రశ్న అడగకపోవచ్చు. ఇంటర్వ్యూ తేదీ ఖరారైతే షీటులో ఏ పనికి ఎన్ని మార్కులు పెట్టారో ఇక్కడ రాయండి, నేను చూసి చెప్తాను.